మా ఇంటికి కరెంటు గిటారు వచ్చింది

ఆవకాయలో ఆవపిండి ఎంత పడాలి, కుక్కర్ గాస్కెట్ సాగిపోతే ఏం చెయ్యాలి అని రాసుకునే మన పేజీల్లో ఈవిడ గిటారు గొడవేమిటి అనుకుంటారేమో! మూడేళ్ళ కిందటైతే నేనూ అలాగే అనుకునేదాన్ని. ఇప్పుడు మాత్రం గిటారు మెడ తిన్నగా ఉందో, మెలి తిరిగిందో చూసి చెప్పగల ఆడమనిషిని మా కారేపల్లిలో బహుశా నేనొక్కదాన్నే. ఇంటర్ పాసయి, పెళ్ళి చేసుకుని ఈ ఊరొచ్చినదాన్ని. సంగీతమంటే నాకు పొద్దున్నే రేడియోలో భక్తిపాటలు, పెళ్ళిళ్ళలో సన్నాయి, శ్రీరామనవమికి భద్రాచలం నుంచి వచ్చే కల్యాణం ప్రసారం. అంతే.

మా మండలం పేరు సింగరేణి, ఊరు కారేపల్లి. బొగ్గు గనుల కంపెనీకి పేరిచ్చిన సింగరేణి మాదే అన్నమాట. డోర్నకల్ నుంచి కొత్తగూడెం పోయే రైలు లైనులో మా ఊరు జంక్షను. మావారిది వడ్రంగం పని. ఇంటి ముందే రేకుల షెడ్డు వేసుకుని ద్వారబంధాలు, తలుపులు, మంచాలు చేస్తారు. అమ్మాయికి పెళ్ళయిపోయింది. చిన్నోడు కొత్తగూడెంలో డిగ్రీ చదువుతున్నాడు. ఇంట్లో అత్తమ్మ కూడా ఉంది.

వాడికి ఈ మెటల్ పిచ్చి ఎప్పుడు పట్టిందో నాకు తెలియదు. ఎప్పుడూ చెవుల్లో వైర్లు పెట్టుకుని తల ఊపుతుండేవాడు. ఏం వింటున్నావురా అంటే ఒకరోజు ఆ వైరు తీసి నా చెవిలో పెట్టాడు. అమ్మో! నాలుగు పిండిగిర్నీలు ఒక్కసారి తిరుగుతున్నట్టు మోత. దాని మీద ఎవరో గొంతు చించుకుని గర్జిస్తున్నారు. "పాపం, ఆ పిల్లాడికి గొంతు పట్టుకున్నట్టుందిరా, మిరియాల పాలు తాగితే తగ్గుద్ది" అన్నాను. వాడు కడుపు పట్టుకుని నవ్వాడు. పాడేది హైదరాబాదు పిల్లలేనట! ఆ బృందం పేరు గాడ్‌లెస్. ఆ పేరుకి అర్థం మాత్రం ఇప్పటికీ అత్తమ్మకి చెప్పలేదు.

ఇందులో పాట కన్నా ముందు గిటారుదే పెద్దరికం. అదీ మామూలు జోరు కాదు. మెటాలికా అనే అమెరికా బృందం 1986లో చేసిన 'మాస్టర్ ఆఫ్ పపెట్స్' అనే పాట వినిపించి, అందులో తీగను సెకనుకి ఏడుసార్లు మీటుతారనీ, ఆ మీటేది కూడా పైనుంచి కిందికేననీ చెప్పాడు. మనం ఎంత చెయ్యి తిరిగినవాళ్ళమైనా సెకనుకి ఏడుసార్లు ఉల్లిగడ్డ తరగగలమా చెప్పండి! వాడు కత్తిపీట మీద వేళ్ళతో కొట్టి చూపిస్తుంటే, ఇది అల్లరి కాదు, చాకిరీయే అని మొదటిసారి అనిపించింది.

ఇక నా తప్పు చెప్పుకోవాలి. వాడు అడగ్గా అడగ్గా, మావారికి తెలియకుండా నా చీటీ డబ్బుల్లోంచి 9,500 తీసి ఇచ్చాను. వాడూ వాడి స్నేహితుడూ కలిసి ఎక్కడో చూసి ఒక గిటారు తెప్పించారు. నల్లగా, కొమ్ములతో, చూడటానికి భలే ఉంది. ఎంతయిందని మావారు అడిగితే "నాలుగు వేలు" అన్నాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో డబ్బు విషయంలో ఆయనకి నేను చెప్పిన పెద్ద అబద్ధం అదే. ఇది రాస్తుంటే కూడా సిగ్గుగానే ఉంది.

ఆ గిటారు ఒక్కరోజు సరిగా పలకలేదు. వాడు శ్రుతి చేస్తాడు, రెండు నిమిషాలు వాయిస్తాడు, మళ్ళీ తప్పుతుంది. ఆరో తీగ సరిచేస్తే మిగిలిన ఐదూ జారతాయి. మీటితే జుయ్యిమని తుమ్మెద రొద. మెట్ల అంచులు గీరుకుని ఎడమ చేతి వేళ్ళ పక్కన ఎర్రగా గీతలు. అమ్మినవాళ్ళు తిరిగి తీసుకోమన్నారు. నాలుగు నెలలు కుస్తీ పట్టి, దాన్ని గుడ్డలో చుట్టి బీరువా మీద పెట్టేశాడు. అప్పటినుంచి వాడిలో మాట తగ్గిపోయింది. తిండి దగ్గర కూర్చుంటే పళ్ళెం వంకే చూస్తాడు. "నాకు చేతకాదమ్మా, నా చేతుల్లో లేదది" అని ఒక రాత్రి అన్నాడు. లోపం వాడి చేతుల్లో లేదనీ, కొన్న వస్తువులో ఉందనీ ఇప్పుడు తెలుసు. అప్పుడు మాకెవరికీ తెలియదు.

మళ్ళీ కొనే మాట ఎత్తితే మావారు ఒప్పుకోరు. ఎందుకో మీకు చెప్పాలి. పెళ్ళయిన కొత్తలో ఆయన మా ఊరి భజన బృందంలో డోలక్ వాయించేవారు. రాత్రి పదకొండైనా చెయ్యి ఆగేది కాదు. అమ్మాయి ఐదో తరగతిలో ఉండగా రందా మిషన్లో ఎడమ చెయ్యి రెండు వేళ్ళ కొసలు పోయాయి. చూపుడు వేలు, నడిమి వేలు. ఖమ్మంలో కట్టు కట్టించుకుని వచ్చిన నెలకే మళ్ళీ పనిలోకి దిగారుగానీ, డోలక్ మాత్రం ముట్టుకోలేదు. దాన్ని భజన మందిరానికి ఇచ్చేశారు. ఇంట్లో వాయిద్యాల మాట వస్తే లేచి బయటికి పోతారు. మేమూ ఎత్తడం మానేశాం.

ఒకరోజు రాత్రి కరెంటు పోయి అందరం వాకిట్లో మంచాలేసుకుని ఉన్నాం. చిన్నోడు ఎవరితోనూ కాదన్నట్టు ఒక కథ మొదలుపెట్టాడు. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ అనే ఊరు. టోనీ అయోమి అనే పదిహేడేళ్ళ కుర్రాడు రేకుల ఫ్యాక్టరీలో పని చేసేవాడు. గిటారు వాయిస్తాడు. ఇక ఆ పని మానేసి బృందంతో పోదామనుకున్నాడు. ఆ ఫ్యాక్టరీలో అదే ఆఖరి రోజు. ఆ రోజే మిషన్లో పడి రెండు వేళ్ళ కొసలు తెగిపోయాయి. ఎడమచేతి వాటం మనిషి కాబట్టి, తీగలు నొక్కే చెయ్యి కుడిచెయ్యి, పోయింది ఆ చేతివే.

మావారు మంచం మీద కదిలారు. "ఏ వేళ్ళు?" అన్నారు.

"నడిమి వేలు, ఉంగరం వేలు నాన్నా."

ఇక గిటారు వాయించలేవన్నారట అతన్ని. ఆయన గిన్నెలు తోముకునే సబ్బునీళ్ళ ప్లాస్టిక్ సీసాని కరిగించి, వేళ్ళకి టోపీల్లాగా చేసుకుని, పైన తోలు ముక్కలు అంటించుకున్నాడట. మామూలు తీగలు గట్టిగా ఉండి నొప్పి పుడుతుంటే, సన్న తీగలు వెతికి వేసుకున్నాడు. తర్వాత కొన్నాళ్ళకి తీగలు వదులుగా ఉండేందుకు శ్రుతే కిందికి దించేశాడు. శ్రుతి దిగేసరికి మోత బరువెక్కింది. ఆయన బృందం బ్లాక్ సబ్బాత్. వాళ్ళ మొదటి రికార్డు 1970 ఫిబ్రవరిలో వచ్చింది. ఈ మెటల్ సంగీతమంతా అక్కణ్ణుంచి పుట్టిందేనంటారు.

"ఇంకా ఉన్నాడా ఆయన?" అని అడిగారు మావారు. ఉన్నాడన్నాడు వీడు. ఇంకేం మాట్లాడలేదు. కరెంటు వచ్చింది, అందరం లోపలికి పోయాం. తెల్లారి టీ తాగుతూ "ఈసారి కొంటే చూసి కొనాలె. ఫోన్ల బొమ్మ చూసి కాదు. నేనూ వస్తా" అన్నారు.

నా దగ్గర చీటీ పాడిన డబ్బు 40,000 ఉంది. వంటింటి గట్టు మీద గ్రానైటు బండ వేయించుకుందామని దాచాను. గ్రానైటుకి పేరుపడ్డ ఖమ్మం జిల్లాలో ఉండి సిమెంటు గట్టు మీద వంట చేసుకోవడమేమిటని మా ఆడపడుచు ఎప్పుడూ అంటుంది. ఆ బండ సంగతి అలా ఉంచాను.

అత్తమ్మ మాత్రం సన్నాయి నొక్కులు మొదలుపెట్టింది. "కరెంటు పెట్టి వాయించేది కూడ వాయిద్యమేనా? మనది కాదు అది" అని. అప్పుడు నేను మాండలిన్ శ్రీనివాస్‌ని గుర్తుచేశాను. పాలకొల్లులో పుట్టిన పిల్లాడు, మాండలిన్ పరదేశపు వాయిద్యం, దానికి కరెంటు పెట్టి త్యాగరాజ కీర్తనలు వాయిస్తే మద్రాసు సభలు నోరెళ్ళబెట్టలేదా? మాండలిన్‌కి జంట తీగలుంటే, అవి తన సంగీతానికి కుదరవని ఐదు ఒంటి తీగలకి మార్చుకున్నాడు. 1998లో పద్మశ్రీ ఇచ్చారు. 2014లో పోయాడు, నలభై అయిదేళ్ళకే. అత్తమ్మకి ఆయన వాయించింది టీవీలో విన్న గుర్తుంది. "ఆ గుండ్రటి మొగం పిల్లగాడా? ఆయన వాయిస్తే దేవుడే దిగొచ్చేటోడు" అంది. మీ మనవడు వాయిస్తే దేవుడు దిగుతాడో పారిపోతాడో తెలీదుగానీ, ఆ తర్వాత ఆమె అడ్డు చెప్పలేదు.

ఇక నెలరోజులు మా ఇంట్లో అదే చదువు. వాడు చెప్పేవాడు, నేను కూరలు తరుగుతూ వినేదాన్ని. నాకు అర్థమైనంతలో మీకూ చెప్తాను, మీ పిల్లలు కూడా ఏదో ఒకరోజు అడగొచ్చు.

కరెంటు గిటారుకి వీణలాగా డొల్ల పొట్ట అక్కర్లేదు. తీగల కింద అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగితీగ వేల చుట్లు చుట్టి ఉంటుంది. దాన్ని పికప్ అంటారు. పైన ఇనుపతీగ ఊగితే కింద చుట్టలో చిన్న కరెంటు పుడుతుంది. సైకిల్ డైనమో లాంటిదేననుకోండి. ఆ కరెంటుని యాంప్ అనే పెట్టె పెద్దది చేసి మోత మోగిస్తుంది. మెటల్‌కి ఆ పెట్టెలో మోతని కావాలనే చింపి, గరగరలాడిస్తారు. అలా పెంచినప్పుడు పాటతోపాటు ఇంట్లో ఉన్న కరెంటు రొదంతా పెరుగుతుంది. మిక్సీ వేస్తే రేడియో గరగరమనేది గుర్తుందా? అదే.

దీనికి విరుగుడు 1955లో గిబ్సన్ కంపెనీలో సేథ్ లవర్ అనే ఇంజనీరు కనిపెట్టాడట. ఒక చుట్ట బదులు రెండు చుట్టలు పక్కపక్కన పెట్టి, ఒకదానికొకటి ఎదురుగా కలిపితే, బయటి రొద ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, తీగ నాదం మాత్రం నిలుస్తుంది. వాటిని హంబకర్లు అంటారు. చూడగానే గుర్తుపట్టొచ్చు, ఒంటి చుట్టది సన్నగా పుల్లలాగా ఉంటుంది, ఇది రెండు పుల్లలు కలిపినంత వెడల్పు. మెటల్ వాయించాలంటే తీగలు కట్టే వంతెన దగ్గర తప్పకుండా ఇదే ఉండాలి. మా పాత గిటారుకి మూడూ ఒంటి చుట్టవే. అందుకే ఆ తుమ్మెద రొద! కొన్నిటికి లోపల తొమ్మిది వోల్టుల చౌకో బ్యాటరీ వేసే పికప్‌లు కూడా ఉంటాయి, మోత బాగా బిగువుగా వస్తుందట. వాయించడం అయ్యాక వైరు పీకకపోతే బ్యాటరీ ఖాళీ. రాత్రి గ్యాస్ రెగ్యులేటర్ కట్టెయ్యడానికే పదిసార్లు గుర్తుచెయ్యాల్సిన ఇంట్లో అది వద్దన్నాను నేను.

రెండోది వంతెన. దాన్నే బ్రిడ్జి అంటారు. పాత గిటారు అసలు రోగం అక్కడే. ఫ్లాయిడ్ రోజ్ అనే ఆయన 1970లలో కనిపెట్టిన పద్ధతిలో ఈ వంతెన గాల్లో తేలుతుంటుంది. ముందు తీగలు లాగుతుంటే, వెనక స్ప్రింగులు పట్టుకుని ఉంటాయి. ఒక కడ్డీతో దాన్ని నొక్కితే స్వరం నేల కూలినట్టు దిగిపోతుంది. గొప్ప వాద్యగాళ్ళకి అది కావాలి. కానీ ఒక తీగ తెగినా, ఒకటి బిగించినా మిగతావన్నీ మారిపోతాయి. నాకిది చెప్పగానే అర్థమైంది. నులక మంచం అల్లేటప్పుడు ఒక పేట బిగిస్తే పక్క పేట వదులవదా? మంచిరకం తేలే వంతెనకి డబ్బు ఎక్కువ, చవకరకం అంటే తలనొప్పి. కాబట్టి చెక్కకి నేరుగా మరలతో బిగించిన, కదలని వంతెనే కావాలని రాసుకున్నాం.

మూడోది మెడ. వేగంగా వాయించడానికి మెడ సన్నగా, పైభాగం చదునుగా ఉండాలి. లావు మెడైతే బొటనవేలు చుట్టూ తిరిగి అలిసిపోతుంది. మామూలు గిటార్లకి 21, 22 మెట్లుంటే ఈ రకానికి 24 ఉంటాయి. వీణకీ 24 మెట్లే కదా! ఈ మాట అత్తమ్మకి కూడా నచ్చింది. ఆఖరి మెట్ల దాకా చెయ్యి పోవాలంటే కింద కొమ్ము దగ్గర చెక్క లోతుగా తీసి ఉండాలి. ఆ కొమ్ములు షోకుకి కాదన్నమాట.

మిగతా రంగూ, మెరుపూ, ఏ హీరో పట్టుకున్నాడూ అన్నవి దుకాణాల వాళ్ళ కబుర్లు. వాటికి నేను మార్కులు వెయ్యలేదు.

డబ్బంతా గిటారు మీదే పెట్టెయ్యకూడదని కూడా నేర్చుకున్నాం. యాంప్ నాసిరకమైతే మంచి గిటారు కూడా రేకు డబ్బాలాగా పలుకుతుంది. ఇంట్లో సాధన చెయ్యడానికి పది వాట్లు చాలు, పైగా చెవులకి పెట్టుకునే హెడ్‌ఫోన్ గుచ్చే సందు ఉండి తీరాలి. ఇది మాత్రం నా షరతు. మా పక్కింటి వదినగారికి రక్తపోటు.

పొద్దున రైలెక్కి డోర్నకల్, కాజీపేట మీదుగా సికింద్రాబాద్ దిగాం. నిమ్మకాయ పులిహోర కట్టుకెళ్ళాను. దుకాణంలో గోడ నిండా గిటార్లు వేలాడుతున్నాయి. మా పెద్దమనిషి చెప్పులు బయట విడవబోతే అక్కడి కుర్రాడు "పర్వాలేదు అంకుల్" అన్నాడు. నేను ఉల్లిగడ్డలు ఏరుకున్నట్టు ఏరొచ్చా బాబూ అని అడిగాను. ఎన్ని కావాలంటే అన్ని వాయించి చూడమన్నాడు, మంచివాడు.

అక్కడ నేను అనుకోనిది జరిగింది. మావారు ఒక గిటారు దగ్గర ఆగిపోయారు. మెడ మీది పలకని వేలితో రాసి, దగ్గరగా పెట్టి చూసి, "ఇది మద్ది చెక్కరా! మన నల్లమద్ది!" అన్నారు. కుర్రాడు దాన్ని ఇండియన్ లారెల్ అంటారన్నాడు. పేరేదైతేనేం, మా వైపు అడవుల్లో ఉండే నల్లమద్దే! మొదట్లో ఈ పలకలకి ఎక్కువగా రోజ్‌వుడ్ వాడేవారు. అదీ మన జిట్రేగి జాతే. 2017 జనవరి నుంచి ఆ జాతి కలప దేశాలు దాటడానికి అంతర్జాతీయంగా గట్టి కట్టుబాట్లు వచ్చేసరికి చాలామంది వేరే చెక్కలకి మళ్ళారు. తయారైన వాయిద్యాలకి 2019 నవంబరులో సడలింపు ఇచ్చారుగానీ, మద్ది మాత్రం చవకరకం గిటార్లలో నిలిచిపోయిందట. చిన్నప్పటినుంచి తను చిత్రిక పట్టిన చెక్క, అద్దాల దుకాణంలో విదేశీ పేరుతో వేలాడుతుంటే మావారి మొహం చూడాలి! పెళ్ళినాడు కూడా అంత వెలిగిపోలేదు.

"ఇదే తీసుకుందాం" అన్నారు.

చిన్నోడు ఏం మాట్లాడలేదు. నేను చూశాను. మూడు సన్న పుల్లలు. ఒంటి చుట్ట పికప్‌లు. వంతెనకి ఊపే కడ్డీ. 21 మెట్లు. పాటలు వాయించుకునేవాళ్ళకి బంగారం లాంటి గిటారే, మా పిల్లాడి వాయింపుకి కాదు. వాడు నాన్న మొహం చూస్తున్నాడు, కాదనలేడు. "బాగుంది నాన్నా" అన్నాడు చివరికి. ఆ గొంతు నాకు తెలుసు. బీరువా మీద గిటారు పెట్టినప్పటి గొంతు.

నేను మధ్యలో పడక తప్పలేదు. "ఏమండీ, చెక్క మనదే, బాగుంది. కానీ కిటికీ తలుపుకి వాడే బందులు సింహద్వారానికి వేస్తారా మీరు?" అన్నాను. ఆయన నావైపు చూశారు. "పుల్లలు చూడండి, ఒంటి చుట్టవి. మన ఇంట్లో మిక్సీ వేస్తే దీని గతేమిటి?" అన్నాను. దుకాణం కుర్రాడు నోరు తెరిచి నన్నే చూస్తున్నాడు. అప్పుడు చిన్నోడు ధైర్యం చేసి గోడకున్న ఇంకోటి చూపించాడు. ఐబనెజ్ వాళ్ళది. రెండు హంబకర్లు, కదలని వంతెన, 24 మెట్లు. పలక ఏదో విదేశీ చెక్క, వంకాయ రంగు ఛాయ. పక్కనే జాక్సన్ వాళ్ళదీ, కోర్ట్ వాళ్ళదీ అలాంటివే ఉన్నాయి. మూడూ దించారు.

అక్కణ్ణుంచి మావారు వడ్రంగి అయిపోయారు. ఒక్కొక్క గిటారునీ తుపాకీలాగా ఎత్తి, ఒక కన్ను మూసి, మెడ పొడవునా నిక్కి చూశారు. ద్వారబంధం కమ్మీ వంపు చూసేది అలాగే. జాక్సన్ గిటారు మెడ ముందుకి కాస్త ఎక్కువ వంగింది. మెడ లోపల ఇనుప ఊచ ఉంటుంది, తాళంచెవితో తిప్పి సరిచెయ్యొచ్చన్నాడు కుర్రాడు. "వంపైతే తీయొచ్చు బాబూ, మెలి పడితే తీయలేం" అన్నారు ఈయన. కుర్రాడు ఒప్పుకున్నాడు. తర్వాత మెట్ల అంచుల మీద, తెగిన ఆ వేళ్ళతోనే, పైనుంచి కిందికి రాశారు. ఆ మొండి కొసల మీద చర్మం చాలా సున్నితం, చలికాలం చన్నీళ్ళు తగిలినా ఓర్చుకోలేరు. కోర్ట్ దాని మీద రెండుచోట్ల ఆగి "గీరుతుంది" అన్నారు. ఐబనెజ్ మీద ఆగలేదు. పన్నెండో మెట్టు దగ్గర తీగ కింద రూపాయి బిళ్ళ దూర్చి చూశారు, దూరీ దూరనట్టుంది. అంత ఎత్తు సరిగ్గా సరిపోతుందని, ఇంకా కిందైతే తీగ మెట్టుకి తగిలి చిటపటలాడుతుందని కుర్రాడన్నాడు.

చిన్నోడు దాన్ని యాంప్‌కి తగిలించి కూర్చున్నాడు. అరచేతి మడమ వంతెన దగ్గర ఆనించి, తీగని సగం నొక్కిపెట్టి మీటితే, దగ్... దగ్... దగ్ అని పొట్టు దంచినట్టు ఒక్కో దెబ్బ విడివిడిగా వచ్చింది. తర్వాత జోరు పెంచాడు. దెబ్బ దెబ్బకీ మధ్య సందు కనపడుతూనే ఉంది. చెయ్యి తీసేశాడు, నిశ్శబ్దం. తుమ్మెద లేదు! వాడు నావైపు తిరిగి, "అమ్మా, నా చేతుల్లోనే ఉంది" అన్నాడు. నేను ఏదో దుమ్ము పడ్డట్టు కళ్ళు తుడుచుకున్నాను.

గిటారు 22 వేల చిల్లర, యాంపు, వైరు, మోసే పట్టీ, సంచి, విడి తీగలు కలిపి ఇంకో పదకొండు వేలు. బేరం చేస్తే మీటే బిళ్ళలు అరడజను ఊరికే ఇచ్చాడు.

తిరుగు రైల్లో చిన్నోడు గిటారు సంచిని ఒళ్ళో పడుకోబెట్టుకుని నిద్రపోయాడు. వరంగల్ దాటాక మావారు కిటికీలోంచి చూస్తూ, "మొదటిది నాలుగు వేలు కాదు కదా" అన్నారు. నా గుండె ఆగినంత పనైంది. "డబ్బా మీద చీటీ అంటించి ఉంది. ఆనాడే చదివిన" అన్నారు.

"మరి అప్పుడే ఎందుకు అడగలేదు?"

"ఎందుకడగాలె. డోలక్ కొన్నప్పుడు మా అమ్మకి నేను ఎంత చెప్పిన్నో నీకు తెల్వదు" అన్నారు. డోలక్ అనే మాట ఆయన నోట విని పదేళ్ళు దాటింది.

ఇంటికొచ్చాక ఇంకో పని బయటపడింది. యాంప్ పెడితే మళ్ళీ సన్నగా రొద, తీగల మీద చెయ్యి వేస్తే తగ్గుతుంది. గిటారు తీగలన్నీ లోపల్నుంచి ఎర్తు వైరుకే కలిపి ఉంటాయి, ఇంట్లో ఎర్తు సరిగా లేకపోతే రొదే కాదు, ఒక్కోసారి షాకు కూడా కొట్టే ప్రమాదముంది. ఎలక్ట్రీషియన్ వచ్చి చూస్తే మా ఇంటి ఎర్తు వైరు ఎప్పుడో తెగిపోయి ఉంది! ఇన్నాళ్ళూ గ్రైండరు ముట్టుకుంటే జిల్లుమనేది అందుకేనన్నమాట. పెరట్లో కొత్త గొయ్యి తవ్వి ఉప్పు, బొగ్గు పోసి వేయించాం. గిటారు సంగతి ఎలా ఉన్నా, మీ ఇంట్లో ఎర్తు ఉందో లేదో ఒకసారి చూపించుకోండి అక్కయ్యలూ.

ఇంకొక బుద్ధితక్కువ పని నేనే చేశాను. వానాకాలంలో తీగలు తుప్పు పడుతున్నాయని, కత్తిపీటకి రాసినట్టు కొబ్బరినూనె రాశాను. మోత మూగబోయింది, ఆరు తీగలూ మార్చాల్సి వచ్చింది. వాయించాక పొడి నూలుగుడ్డతో తుడిస్తే చాలు. పచ్చడి కలిపిన చేత్తో మాత్రం ముట్టుకోనివ్వకండి, ఉప్పు ఇనుము తినేస్తుంది.

మొన్న సంత రోజు సాయంత్రం చిన్నోడు షెడ్డులో కూర్చుని వాయిస్తున్నాడు. మావారు నల్లమద్ది ముక్కలతో ఆ గిటారుకి నిలబెట్టే పీట చేస్తున్నారు. చివరికి మద్దిని ఏదో ఒక రూపంలో తెచ్చిపెట్టుకున్నారన్నమాట! నేను వంటింట్లో వడియాలు వేయించబోతున్నాను. ఉన్నట్టుండి "తాళం తప్పుతున్నవ్‌రా, ముందుకి ఉరుకుతున్నవ్" అన్న మాట వినపడింది. చిన్నోడు లేదంటున్నాడు. ఈయన ఉలి పక్కన పెట్టి, ఒళ్ళోని పలక మీద రెండు చేతులతో వేసి చూపించారు. ఎడమచేతివి ఉంగరం వేలు, చిటికెన వేలు మాత్రమే పడుతున్నాయి. చిన్నోడు జోరు తగ్గించి ఆ దెబ్బల వెనకే వచ్చాడు. నేను గుమ్మంలో నిలబడిపోయాను. పొయ్యి మీద నూనె పొగలొస్తోందని లోపల్నుంచి అత్తమ్మ కేకేసేదాకా గుర్తే లేదు.